నల్లగొండకు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు: పానగల్లా, సాగరా, దేవరకొండా?

నల్లగొండలో ఎవరింటికి వెళ్లినా, చూడ్డానికి ఏమున్నాయని అడిగితే దాదాపు ఒకే జవాబు వస్తుంది: "ఇక్కడేమున్నయి? సాగర్ పోదాం పా." ఆ మాట ప్రేమతోనే అంటారు. ఇంటికొచ్చినవాళ్లకు జిల్లాలో అన్నిటికన్నా పెద్దదైన నాగార్జునసాగర్ ప్రాజెక్టు చూపించాలన్న ఆరాటం అది. కానీ రెండు రోజులకని వచ్చినవాళ్లు అందులో ఒక రోజంతా కారులోనూ పార్కింగ్ దగ్గరా గడిపి, ఊరి పక్కనే ఉన్న తొమ్మిది వందల ఏళ్ల నాటి గుళ్లను చూడకుండానే తిరుగు బస్సెక్కుతారు. నా సలహా వరుస వేరు. ముందు పానగల్, ఇంకో పూట దొరికితే దగ్గరున్న గుట్టల్లో ఒకటి, రోజంతా చేతిలో ఉంటేనే సాగరో దేవరకొండ కోటో.

చుట్టాలింట్లో ఉన్నప్పుడు టైము మన చేతిలో ఉండదు. టిఫిన్ కాకుండా గడప దాటనివ్వరు. పదకొండింటికి పెద్దమ్మ వస్తుందంటారు, మధ్యాహ్నం నాటుకోడి కూర చేశాం ఎక్కడికీ పోవద్దంటారు, సాయంత్రం మేనత్త వాళ్లింటికి వెళ్లకపోతే మాటొస్తుందంటారు. వచ్చింది వాళ్ల కోసమే కాబట్టి ఇవేవీ కాదనకూడదు. మధ్యలో దొరికే రెండు మూడు గంటలకు సరిపడే చోటు ఏదో తెలిస్తే చాలు, ఎవరినీ నొప్పించకుండా ఊరు చూడొచ్చు. ఈ పోలికంతా ఆ లెక్క మీద రాసిందే: చేతిలో ఎన్ని గంటలున్నాయి, వెంట ఎవరు వస్తున్నారు, ఏ కాలంలో వచ్చారు.

రెండు మూడు గంటలే ఉంటే పానగల్

క్లాక్ టవర్ దగ్గర ఆటో మాట్లాడుకుంటే పానగల్ నాలుగైదు కిలోమీటర్లు. కందూరు చోడులకు ఇది రాజధాని. 11, 12 శతాబ్దాల్లో ఇక్కడి నుంచే ఈ ప్రాంతాన్ని ఏలారు. వాళ్లు వదిలి వెళ్లినవాటిలో మూడు ఇవాళ్టికీ నిలిచి ఉన్నాయి: పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం అనే చెరువు. మూడూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

మొదట పచ్చల సోమేశ్వరానికి వెళ్లండి. పూర్వం ఇక్కడి లింగానికి పచ్చ పొదిగి ఉండేదని ఊళ్లో చెప్పుకుంటారు. నా మటుకు ఇక్కడి అసలు సంపద స్తంభాలు. రామాయణ, భారత కథల్లోని ఘట్టాలను బెత్తెడు వెడల్పు పట్టీల్లో ఒకదాని పక్కన ఒకటి చెక్కారు. తొందరగా తిరిగి వచ్చేస్తే నల్లరాళ్లు చూసినట్టే ఉంటుంది. ఒక్క స్తంభం దగ్గర కూర్చుని కింది నుంచి పైకి చూస్తూ పోతే విల్లు ఎక్కుపెట్టినవాళ్లు, రథాలు, నాట్యం చేసే ఆడవాళ్లు ఒక్కొక్కరే కనబడతారు. పిల్లలు వెంట ఉంటే ఎవరు ముందు గుర్తుపడతారో పందెం కట్టండి, కదలమన్నా కదలరు. గుడి పక్కనే మ్యూజియం ఉంది. జిల్లాలో అక్కడక్కడా దొరికిన విగ్రహాలు, శాసనాల రాళ్లు అందులో చూడొచ్చు. తెరిచి ఉంటే అరగంట ఇవ్వండి.

ఛాయా సోమేశ్వరం పొలాల మధ్యలో ఉంటుంది. చివరిదాకా రోడ్డు వెడల్పు తక్కువే కాబట్టి పెద్ద కారుకన్నా బండి మీదో ఆటోలోనో పోవడం హాయి. ఇది త్రికూటాలయం. ఒకే మండపాన్ని పంచుకుంటూ మూడు గర్భగుళ్లు ఉంటాయి. వాటిలో ఒకదానిలో శివలింగం వెనక గోడ మీద నిలువుగా ఒక నీడ పడుతుంది. పొద్దు తిరిగినా నీడ తిరగదు. తొమ్మిదింటికి ఎక్కడుందో మూడింటికీ అక్కడే ఉంటుంది. ఎదురుగా ఉన్న స్తంభం నీడే అనుకుంటాం, కానీ అట్లా అయితే సూర్యుడితో పాటు జరగాలి కదా. గర్భగుడిలోకి ఎండ నేరుగా రాదు. బయటి వెలుతురు మండపం పక్కల నుంచి స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికి చేరుతుంది. రెండు పక్కల వెలుతురూ సరిగా అందని నడిమి పట్టీ మనకు నీడగా కనిపిస్తుంది. గుడిని ఏ వైపుకు తిప్పాలి, స్తంభాలు ఎక్కడ నిలపాలి అన్నది అంత కచ్చితంగా లెక్కగట్టిన శిల్పుల పేర్లు కూడా మనకు మిగల్లేదు. పక్క జిల్లా పిల్లలు కూడా దీన్ని చూడకుండానే బడి చదువు పూర్తి చేస్తున్నారంటే నాకు బాధగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. మబ్బు పట్టిన రోజు నీడ పలచబడుతుంది. వానాకాలంలో వస్తే ఆకాశం తెరిపి ఇచ్చిన పూట చూసుకుని బయల్దేరండి. శివరాత్రికీ కార్తీక సోమవారాలకూ గర్భగుడి ముందు నిలబడి నీడను గమనించే వీలుండదు, జనం తోస్తూనే ఉంటారు. మొక్కు ఉంటే ఆ రోజుల్లో రండి. గుడి చూడాలంటే మామూలు రోజున రండి.

చివరిగా చెరువు కట్ట. ఉదయసముద్రం పాత చెరువే అయినా అందులో ఇప్పుడు నిండేది కృష్ణా నీళ్లు. సాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీరు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాల్వల మీదుగా ఇక్కడిదాకా వస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన పల్లెలున్న జిల్లా ఇది. పటిక, సున్నంతో తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దానికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. అట్లాంటి చోట నిండుగా నీళ్లున్న చెరువు కట్ట మీద సాయంత్రం నడవడమంటే ఈ ఊరివాళ్లకు ఎంత పెద్ద సంగతో, వెంట వచ్చిన పెద్దవాళ్లను అడగండి. బిందెలతో ఎంత దూరం పోయేవాళ్లో వాళ్లే చెబుతారు. గుళ్ల కన్నా ఆ కబుర్లకే ఎక్కువసేపు పట్టినా పట్టొచ్చు.

ఇదంతా మూడు గంటల్లో అయిపోతుంది. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే ఇంట్లో ఉంటారు. లేదంటే నాలుగింటికి వెళ్లి కట్ట మీద పొద్దుగూకేదాకా ఉండొచ్చు. ఎండకాలమైతే రెండోది కుదరదు, రాళ్లు నాలుగింటికి కూడా కాలుతుంటాయి.

ఇంకో పూట దొరికితే: లతీఫ్ సాహెబ్ గుట్టా, చెరువుగట్టా?

రెండూ గుట్టలే, కానీ ఎవరెవరు వస్తున్నారన్నదాన్ని బట్టి ఎంపిక మారుతుంది.

లతీఫ్ సాహెబ్ గుట్ట ఊళ్లోనే ఉంది. పైన దర్గా. ఉర్సుకు హిందువులూ ముస్లింలూ కలిసే ఎక్కుతారు. మెట్లు ఎక్కువే, నడుమ నీడ తక్కువే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఎక్కించవద్దు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా ఎక్కాలి. రెండు గుట్టల మధ్య పరుచుకున్న ఊరు మొత్తం ఇక్కడి నుంచే అర్థమవుతుంది. చిన్నప్పుడు ఈ ఊళ్లో చదువుకుని ఇప్పుడు ఎక్కడో స్థిరపడినవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. ఎన్జీ కాలేజీ రోజుల స్నేహితులు ఊళ్లోనే ఉంటే, హోటల్లో కలిసే బదులు తెల్లారగట్ల ఆరింటికి గుట్ట కింద కలవండి. ఎక్కి దిగి ఇడ్లీ తిని, ఇంట్లోవాళ్లు టిఫిన్‌కు పిలిచేలోపు తిరిగి రావచ్చు. ఇంట్లో మళ్లీ తినమంటారు, అది వేరే సంగతి.

చెరువుగట్టు నార్కట్‌పల్లి దగ్గర. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు దాదాపు దారిలోనే ఉంటుంది. గుట్ట మీద పార్వతీ జడల రామలింగేశ్వరస్వామి. పైదాకా బండ్లు పోతాయి కాబట్టి అమ్మమ్మ, తాతయ్యలతో వెళ్లాలంటే ఇదే మేలు. శిఖరం మీద మూడు గుండ్ల దగ్గర బండరాళ్ల ఇరుకు సందుల్లోంచి పోవాలి. అది మాత్రం పెద్దవాళ్లకు వద్దు. అమావాస్య రాత్రి ఇక్కడ నిద్ర చేస్తే మంచిదని నమ్మి వేలమంది వస్తారు. మీరూ అందుకే వస్తే సరే, లేకపోతే క్యాలెండర్‌లో అమావాస్య ఎప్పుడో చూసుకుని ఆ రోజు మానుకోండి. మాఘమాసంలో బ్రహ్మోత్సవాలప్పుడు కూడా అంతే.

ఒక్కదానికే వీలుంటే? ఊరి కోసమైతే లతీఫ్ సాహెబ్ గుట్ట, పెద్దవాళ్ల కోసమైతే చెరువుగట్టు.

రోజంతా ఉంటే: సాగరా, దేవరకొండా?

సాగర్ వద్దని నేను అనను. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసి, 1967లో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలిన ప్రాజెక్టు ఇది. ఈ జిల్లాలో వరి పండే పొలాల్లో చాలావాటి వెనక దాని కథ ఉంది. అయితే రెండు సందర్భాల్లోనే ఆ దూరం గిట్టుబాటు అవుతుంది.

మొదటిది, గేట్లు ఎత్తినప్పుడు. శ్రీశైలం నుంచి వరద వచ్చి నీటిమట్టం 590 అడుగులకు దగ్గరైతే గేట్లు ఎత్తుతారు. మొత్తం 26 గేట్లు. ఇది ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య జరుగుతుంది, కొన్ని ఏళ్లు అసలు జరగదు. పేపర్లో ప్రాజెక్టుల నీటిమట్టాలు రోజూ వేస్తారు, చూసుకుని బయల్దేరండి. ఆ నురగ, ఆ చప్పుడు, మొహం మీద పడే తుంపర చూడాల్సిందే. ఆదివారం మాత్రం వద్దు. హైదరాబాద్ కార్లన్నీ ఆ రోజే వస్తాయి, చిన్నపిల్లలతో గంటల తరబడి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు.

రెండోది, నాగార్జునకొండ కోసం. ఇక్ష్వాకుల విజయపురి లోయ మొత్తం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినదాన్ని కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు దీవి. అందులోని మ్యూజియంలో ఉన్న బౌద్ధ శిల్పాల్లాంటివి చూడాలంటే మళ్లీ అమరావతి పేరు చెప్పుకోవాల్సిందే. లాంచీలో వెళ్లడానికే దాదాపు గంట పడుతుంది. సరిపడా జనం పోగవ్వాలి, గాలి ఎక్కువగా ఉండకూడదు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఈ సంగతి తెలియక శుక్రవారం బయల్దేరిన కుటుంబాలు లాంచీ స్టేషన్ దగ్గర దిగాలుగా నిలబడతాయి. లాంచీ కుదరకపోతే ఇటు గట్టునే బుద్ధవనం ఉంది. 274 ఎకరాల్లో వేసిన ఈ వనాన్ని 2022లో ప్రారంభించారు. అమరావతి స్తూపం నమూనాలో కట్టిన మహాస్తూపం, జాతక కథల బొమ్మలు నిదానంగా చూస్తే రెండు గంటలు పడుతుంది. నడక ఎక్కువ కాబట్టి మిట్టమధ్యాహ్నం వెళ్లవద్దు. ఎత్తిపోతల జలపాతం ఆంధ్ర వైపు ఉంది. వానలు పడ్డాకైతేనే అటు పోవాలి.

గేట్లు మూసి, లాంచీ ఆగి, మే నెల ఎండ కాస్తున్న రోజు సాగర్ వెళ్లడం వృథా. ఎవరెంత బతిమాలినా ఆ రోజు పానగల్‌కే పొమ్మంటాను. నీళ్లు అవే కదా.

దేవరకొండ దాదాపు సాగర్ అంత దూరమే, కానీ పూర్తిగా వేరే రోజు. ఏడు కొండలను చుట్టుకుంటూ రేచర్ల పద్మనాయకులు 14వ శతాబ్దంలో కట్టిన కోట అది. దర్వాజాలు దాటుకుంటూ, రాతి గోడల వెంట, తుప్పల్లోంచి పైకి ఎక్కాలి. పైన నీళ్లు దొరకవు, షాపు ఉండదు, చాలాచోట్ల దారి చెప్పే బోర్డు కూడా ఉండదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే వెళ్లగలిగితే, నడవగలిగిన నలుగురైదుగురు బావమరుదులూ వదినా మరదళ్లూ జతగా ఉంటే, నేను సాగర్‌కన్నా దీనికే ఓటేస్తాను. కోట మీద అంత పెద్ద నిశ్శబ్దంలో గంట కూర్చుంటే ఇంట్లో పదిమంది మధ్య మాట్లాడుకోలేని మాటలు మాట్లాడుకోవచ్చు. చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉంటే మాత్రం దీని ఊసే వద్దు. వానాకాలంలో రాళ్లు జారతాయి, తుప్పల్లో పాముల భయం ఉంటుంది.

తిరుగు దారిలో

విజయవాడ వైపు వెళ్లేవాళ్లు సూర్యాపేట దగ్గర హైవే దిగి పిల్లలమర్రి గుళ్లు చూసుకుని పోవచ్చు. కాకతీయులకు సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించారు. అద్దంలా మెరిసే నల్లరాతి స్తంభాలు ఉన్నాయి, గంట చాలు. పాలమూరులో ఉన్న పిల్లలమర్రి ఇది కాదు. అది ఎకరాల కొద్దీ పాకిన మర్రిచెట్టు, మహబూబ్‌నగర్‌లో చుట్టాలుంటే దానికి పోండి. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకునేటప్పుడు జిల్లా పేరు కూడా రాయండి.

వరంగల్, జనగామ వైపు వెళ్లేవాళ్లకు ఫణిగిరి. సూర్యాపేట జిల్లాలో గుట్ట మీద ఉన్న బౌద్ధ క్షేత్రం. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా ప్రదర్శనకు వెళ్లాయి. 2024లో తవ్వుతుంటే మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. నాగార్జునకొండ చూసినవాళ్లకు ఇది మరింత నచ్చుతుంది. చూడనివాళ్లకు గుట్ట మీద ఇటుకల పునాదులే కనబడి నిరాశ కలగవచ్చు. గుంటూరు వైపైతే వాడపల్లి, కృష్ణా మూసీ కలిసేచోటు. నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ఊపిరి తగిలి పై దీపం రెపరెపలాడుతుందని, కింది దీపం కదలదని నమ్మకం. మిర్యాలగూడ మీదుగా వెళ్లాలి.

వెంట ఎవరిని తీసుకెళ్లాలి

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించాల్సింది ఇది. చుట్టాలొచ్చారంటే ఆ ఇంటి కోడలికి పని రెట్టింపవుతుంది. అందరూ సాగర్ పోయి వచ్చేసరికి ఆమె చేపల పులుసు వండి పెట్టి ఉంటుంది. ఆ ఊళ్లోనే ఇన్నేళ్లుండి ఛాయా సోమేశ్వరం చూడని ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. పానగల్‌కు ఓటేయడానికి నాకున్న పెద్ద కారణం ఇదే. నాలుగింటికి, గిన్నెలు తోమడం అయ్యాక, ఆమె కూడా చీర మార్చుకుని రాగలిగేంత దగ్గర అది. రాత్రి వంట ఒక్కపూటకు మానిపించండి, వచ్చేటప్పుడు బయటి నుంచే ఏదో ఒకటి తెచ్చుకుందామని ముందే గట్టిగా చెప్పండి. మొదట "అయ్యో, ఎందుకు" అంటుంది. అంతటితో ఊరుకోవద్దు, రెండోసారి అడగండి.

ఆడవాళ్లే నలుగురు కలిసి వెళ్లాలనుకుంటే కారు కోసం మగవాళ్లను చూడాల్సిన పని లేదు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు అక్కర్లేదు. ఆధార్ కార్డు చేతిలో ఉంటే నల్లగొండ బస్టాండ్ నుంచి సాగర్, దేవరకొండ, మిర్యాలగూడ, సూర్యాపేట దేనికైనా ఎక్కేయవచ్చు. పండగ రోజుల్లో మాత్రం నిలబడాల్సి వస్తుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఆడవాళ్లు డబ్బులిచ్చి టికెట్ తీసుకోవాలి.

విదేశాల నుంచి వచ్చిన పిల్లలుంటే మొదటిరోజే ఎక్కడికీ తిప్పకండి. ఎండకూ నీళ్లకూ అలవాటుపడనివ్వండి. వాళ్లకు ఛాయా సోమేశ్వరం నీడ ఎందుకు కదలదో ముందే చెప్పేయవద్దు. చూసి వాళ్లనే చెప్పనివ్వండి.

ఏ నెలలో రావాలో మీ చేతిలో ఉంటే అక్టోబర్, నవంబర్ పెట్టుకోండి. చెరువులు నిండి ఉంటాయి, ఎండ నెమ్మదిస్తుంది, రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు పెడతారు, బత్తాయి తోటలున్న చుట్టాలైతే సంచి నింపి ఇస్తారు. సంక్రాంతికైతే సకినాలు కలిసొస్తాయి కానీ ఒక్క ఆటో కూడా ఖాళీగా దొరకదు. పిల్లల సెలవుల వల్ల మే నెలే గతి అయితే పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా పానగల్ చూసి వచ్చి, పగలంతా కూలర్ ముందు అందరితో కూర్చోండి. రైల్లో వచ్చేవాళ్లకు నారాయణాద్రి, తిరుపతి వందేభారత్ రెండూ నల్లగొండలో ఆగుతాయి. తిరుగు టికెట్ మాత్రం పొద్దుటి బండికి తీసుకోకండి, సాయంత్రానికి తీసుకోండి. వెళ్లే రోజు పొద్దున కూడా ఒక పూట చేతికొస్తుంది, మొదటిరోజు రాలేకపోయినవాళ్లను ఆ పూట వెంటబెట్టుకుని చెరువు కట్టకు పోవచ్చు.